1776కీ 1787కీ మధ్య: అమెరికా స్థాపకులకు స్వేచ్ఛ గురించి ఏం తెలిసొచ్చింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మనుషులంతా సమానులని, పాలితుల సమ్మతి లేకుండా ఏ ప్రభుత్వానికీ న్యాయమైన అధికారం ఉండదని 1776లో చాటినవాళ్లు, పదకొండేళ్లు తిరిగేసరికి జనం నేరుగా ఓటేయని సెనేట్‌ని, జనం నేరుగా ఎన్నుకోని అధ్యక్షుణ్ణి, బతికున్నంతకాలం పదవిలో ఉండగల జడ్జీలను పెట్టారు. ఇది మాట తప్పడమేనా? అసలు వాళ్ల దృష్టిలో స్వేచ్ఛ, స్వపరిపాలన అంటే ఏమిటి? సివిల్స్ ఆప్షనల్ కోసం ఏం చదవాలి?

డిగ్రీ, పీజీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చాలా ఏళ్లుగా చెబుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. అడగడం న్యాయమే, ఎందుకంటే మన పుస్తకాలు స్వాతంత్ర్య ప్రకటన అయిపోగానే పేజీ తిప్పి 1787లో రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సమావేశంలోకి తీసుకెళ్లిపోతాయి. మధ్యలో పదకొండేళ్లు ఏం జరిగిందో చెప్పవు. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నా నమ్మకం. 1776లో వాళ్ల భయమంతా తమకు ఓటు లేని దూరపు బ్రిటిష్ పార్లమెంటు గురించి. 1787 నాటికి ఇంకో భయం తోడైంది. తాము ఏటా ఓటేసి ఎన్నుకున్న సొంత శాసనసభల చేతిలోనూ స్వేచ్ఛ పోవచ్చని కళ్లారా చూశారు. కంచే చేను మేస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు వాళ్లు వెతుక్కున్న జవాబు ఆ రాజ్యాంగం. అది పూర్తి జవాబని నేను అనను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు స్వేచ్ఛ గురించి. అమెరికా కాలనీల మీద బ్రిటిష్ పార్లమెంటు వేసిన స్టాంపు చట్టం (1765) పన్ను నిజానికి మోయలేనంత పెద్దది కాదు. గొడవకు భయపడి పార్లమెంటు 1766 మార్చిలో దాన్ని రద్దు చేసింది కూడా. కానీ అదే రోజు ఇంకో చట్టం చేసింది: అమెరికా కాలనీలను "అన్ని విషయాల్లోనూ" కట్టడి చేసే అధికారం తమకు ఉందని. కాలనీల నాయకులు గుండెల మీద కుంపటిలా మోసింది ఆ రెండో చట్టాన్నే. పదేళ్ల తర్వాత థామస్ పెయిన్ అనే కరపత్రాల రచయిత స్వాతంత్ర్య యుద్ధం మధ్యలో కూర్చుని, ఇలా కట్టివేయడం బానిసత్వం కాకపోతే భూమ్మీద బానిసత్వమనేదే లేదని రాశాడు.

ఈ వాదం వెనకున్న తర్కం పట్టుకుంటే మిగతాదంతా సులువవుతుంది. యజమాని మంచివాడైనా బానిస బానిసే. ఇవాళ కొట్టలేదు, తిట్టలేదు, పైగా కడుపునిండా పెట్టాడు. అయినా రేపు అతని బుద్ధి మారితే అడ్డుకునే దారి లేదు. అంటే స్వేచ్ఛ ఉందా లేదా అన్నది ఇవాళ మనకు ఎంత ఇబ్బంది కలిగిందన్న లెక్కతో తేలదు. మన సమ్మతితో పని లేకుండా మన మీద ఏదైనా చేయగల శక్తి ఇంకొకరి చేతిలో ఉందా అన్నదానితో తేలుతుంది. పెన్సిల్వేనియాకు చెందిన లాయరు జాన్ డికిన్సన్ 1767 చివర్లో మొదలుపెట్టి పత్రికల్లో అచ్చేసిన "రైతు ఉత్తరాల"లో చెప్పింది ఇదే. పన్ను చిన్నదే కదా అని ఊరుకోకండి, చిన్నదని ఒప్పుకుంటే పెద్దదానికి దారి తెరిచినట్టే అని ఆయన పదే పదే హెచ్చరించాడు. సమ్మతి లేకుండా పన్ను కట్టేవాళ్లు బానిసలేనని తేల్చాడు.

బోస్టన్ టీ సంగతి కూడా అలాగే చూడాలి. 1773 టీ చట్టం వల్ల టీ ధర తగ్గింది. ఈస్టిండియా కంపెనీ నేరుగా అమెరికాకు సరుకు పంపే వీలు దొరికింది, పౌనుకు మూడు పెన్నీల పన్ను మాత్రం అలాగే ఉంచారు. చవగ్గా వస్తున్న టీని 342 పెట్టెలు సముద్రంలో కుమ్మరించారంటే లెక్క ధర గురించి కాదన్నమాట.

ఇక్కడ తెలుగువాళ్లం ఒక్క నిమిషం ఆగాల్సిన చోటు ఉంది. అదే కంపెనీ అప్పటికే ఉత్తర సర్కారుల్లో పాగా వేసింది. 1765లో మొగలు ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం అయ్యాయి. బోస్టన్ ఘటనకు కొద్ది వారాల ముందు డికిన్సన్ మారుపేరుతో రాసిన ఒక ఉత్తరంలో కంపెనీ ఆసియాలో చేసిన అఘాయిత్యాలను ఏకరువు పెట్టాడు. బెంగాల్ కరువులో లక్షల మంది చచ్చిపోయింది నేల పండక కాదు, కంపెనీ ధాన్యాన్ని గుప్పిట్లో పెట్టుకుని పేదలు కొనలేని ధర పెట్టడం వల్ల అని రాశాడు. చదువుతుంటే ఎంత సూటిగా చెప్పాడని అనిపిస్తుంది. అదే ఉత్తరంలో ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. దేవుడి దయవల్ల మనం సిపాయిలమూ కాదు, మరాఠాలమూ కాదు, స్వేచ్ఛకే పుట్టిన బ్రిటిష్ పౌరులం అని. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే పెట్టి క్లాసులో చదివిస్తాను. 1773లో కూడా చాలామంది స్థాపకులకు స్వేచ్ఛ అంటే ఇంగ్లీషువాళ్ల వారసత్వ ఆస్తి. మనిషిగా పుట్టినందుకే హక్కు ఉందన్న మాట, కొన్ని ఊళ్ల తీర్మానాల్లో తప్ప, 1776 వేసవికి గాని అంత బాహాటంగా రాలేదు. జూన్‌లో జార్జ్ మేసన్ ముసాయిదాతో వచ్చిన వర్జీనియా హక్కుల ప్రకటనలోనూ, జులైలో జెఫర్సన్ రాసిన స్వాతంత్ర్య ప్రకటనలోనూ అది కనిపిస్తుంది. ఒకసారి ఆ మాట కాగితం మీదకు వచ్చాక దాన్ని ఇంగ్లీషు రక్తానికే పరిమితం చేయడం ఎవరి వల్లా కాలేదు. రాసినవాళ్ల వల్ల కూడా.

స్వపరిపాలన విషయానికి వస్తే, అది వాళ్లకు పుస్తకాల్లో దొరికింది కాదు. వర్జీనియాలో ఎన్నికైన సభ 1619లోనే కూర్చుంది. న్యూ ఇంగ్లండ్‌లో ఊరి సభలు పన్నులు, బడులు, రోడ్లు అన్నీ చూసుకునేవి. లాక్, మాంటెస్క్యూ లాంటి యూరప్ తత్వవేత్తలు చెప్పింది వాళ్లకు నచ్చిందంటే, చేతల్లో ఉన్నదానికి మాటలు దొరికాయి కాబట్టి.

1776 మే నెలలో కాలనీల ఉమ్మడి సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ కాలనీలకు సొంత ప్రభుత్వాలు ఏర్పాటు చేసుకోమని చెప్పింది. అక్కడి నుంచి అసలు ప్రయోగం మొదలైంది. కనెక్టికట్, రోడ్ ఐలండ్ రాజు ఇచ్చిన పాత చార్టర్లనే (పాలనా పత్రాలనే) సవరించుకుని వాడుకున్నాయి. మిగతా రాష్ట్రాలు కొత్త రాజ్యాంగాలు రాసుకున్నాయి. రాజు నియమించిన గవర్నర్లతో విసిగిపోయి ఉన్నారు కనుక చాలా చోట్ల గవర్నర్‌ను కీలుబొమ్మగా మార్చి, అధికారమంతా ఏటా ఎన్నికయ్యే శాసనసభకు కట్టబెట్టారు.

అందరికంటే ముందుకెళ్లింది పెన్సిల్వేనియా. ఒకే సభ, గవర్నర్ లేడు, అతని బదులు పన్నెండు మంది కౌన్సిల్. ఆస్తి ఉండాలన్న షరతు లేదు, పన్ను కట్టే ఇరవై ఒక్క ఏళ్ల స్వతంత్ర పురుషులందరికీ ఓటు. ఏడేళ్లలో నాలుగేళ్లకు మించి ఒకే మనిషి సభలో ఉండకూడదు. సభ తలుపులు జనానికి తెరిచి ఉండాలి. అన్నిటికన్నా నాకు నచ్చేది బిల్లుల నియమం. అత్యవసరమైతే తప్ప, ప్రజలకు సంబంధించిన ఏ బిల్లునైనా ముందు అచ్చేసి జనానికి చూపించి, తర్వాతి సమావేశాల్లోనే చట్టం చేయాలి. మన దగ్గర పొద్దున ప్రవేశపెట్టి సాయంత్రానికి ఆమోదించే బిల్లులు చూసినవాళ్లకు ఈ నియమం విలువ వేరే చెప్పక్కర్లేదు. రాజ్యాంగం సరిగ్గా అమలవుతోందా అని ఏడేళ్లకోసారి తనిఖీ చేయడానికి "సెన్సార్ల కౌన్సిల్" అని ఒక ఎన్నికైన సంఘం కూడా పెట్టారు.

ఇంత ప్రజానుకూల రాజ్యాంగం కింద ఏం జరిగింది? కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయనివాళ్లకు ఓటు తీసేశారు. యుద్ధమే పాపమని నమ్మే క్వేకర్లు కూడా అందులో నలిగిపోయారు. 1783-84లో ఆ సెన్సార్ల కౌన్సిల్ కూర్చుని చూస్తే, బిల్లులు ముందుగా అచ్చేయాలన్న నియమాన్ని సభ ఎన్నోసార్లు పక్కన పెట్టిందని, జ్యూరీ విచారణ హక్కును మీరిందని, కోర్టుల్లో తేలాల్సిన తగాదాల్లో తానే తీర్పులిచ్చిందని బయటపడింది. కౌన్సిల్ చెప్పగలిగింది గానీ ఆపలేకపోయింది.

వర్జీనియాలోనూ ఇదే కథ. ప్రజల పక్షమని చాలామంది మెచ్చుకునే జెఫర్సన్ 1780ల మొదట్లో తన రాష్ట్రం గురించి రాసిన పుస్తకంలో, 173 మంది నిరంకుశులు ఒక నిరంకుశుడంత క్రూరంగానూ ఉండగలరని, ఎన్నికల ద్వారా వచ్చే నిరంకుశత్వం కోసం మనం పోరాడలేదని కుండబద్దలు కొట్టాడు. తర్వాత, కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన "ఫెడరలిస్ట్" వ్యాసాల్లో 48వదానిలో, ఆ రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్ ఈ మాటల్నీ, పెన్సిల్వేనియా నివేదికనూ పక్కపక్కనే సాక్ష్యంగా పెట్టాడు. జెఫర్సన్ ప్రజాస్వామికవాది, మాడిసన్ దాన్ని వెనక్కి లాగినవాడు అన్న గీత గీస్తే ఈ పేజీ దగ్గర అది చెరిగిపోతుంది.

ఈ పదకొండేళ్లలో పుట్టిన అతి గొప్ప ఆలోచన మాత్రం ఫిలడెల్ఫియాలో పుట్టలేదు, పేరున్న నాయకుడెవరూ దాన్ని కనిపెట్టలేదు. అది మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ అనే చిన్న ఊరి సభలో పుట్టింది. 1776 శరదృతువులో రాష్ట్ర శాసనసభ, మేమే రాజ్యాంగం రాసేస్తాం, మీకు సమ్మతమేనా అని ఊళ్లను అడిగింది. అక్టోబరులో కాంకర్డ్ ఊరివాళ్లు కూర్చుని, వద్దు అని తీర్మానించి కారణాలు రాశారు. రాజ్యాంగం ఉండేది పాలించేవాళ్లు హక్కుల మీదికి రాకుండా కాపాడటానికి. దాన్ని తయారుచేసిన సంఘానికి దాన్ని మార్చే అధికారం కూడా ఉన్నట్టే అవుతుంది. శాసనసభ మార్చగలిగే రాజ్యాంగం ఆ శాసనసభ నుంచి ప్రజలకు ఏ రక్షణా ఇవ్వలేదు. కాబట్టి ఈ ఒక్క పని కోసమే వేరే సభను ఎన్నుకోవాలి, అది రాసినదాన్ని అందరి ముందూ పెట్టాలి.

అర పేజీ ఉంటుందేమో ఆ తీర్మానం. రాసింది రైతులు, చిన్న వ్యాపారులు కూర్చున్న ఊరి సభ. నాకు ఫెడరలిస్ట్ 85 వ్యాసాలకన్నా ఈ అర పేజీ మీద గౌరవం ఎక్కువ. 1973లో కేశవానంద భారతి కేసులో మన సుప్రీంకోర్టు తలపట్టుకుని కూర్చున్న ప్రశ్న కూడా ఇదే కదా: ఎన్నికైన పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు మార్చవచ్చు? జవాబులు వేరు, దారులు వేరు. ప్రశ్న మాత్రం ఒకటే.

శాసనసభ వినలేదు. తానే ఒక రాజ్యాంగం రాసి 1778లో ఊళ్లకు పంపింది. ఊళ్లు దాన్ని భారీగా తిరస్కరించాయి. అందులో హక్కుల ప్రకటన లేదన్నది ఒక పెద్ద కారణం. చివరికి 1779లో ప్రత్యేక సభను ఎన్నుకున్నారు. మామూలు ఎన్నికల్లో ఓటుకు ఆస్తి కావాలి, కానీ దీనికి ఇరవై ఒక్క ఏళ్లు నిండిన స్వతంత్ర పురుషులందరినీ రానిచ్చారు. ముసాయిదా ఎక్కువ భాగం జాన్ ఆడమ్స్ రాశాడు. 1780లో ఊరూరా చర్చ జరిగి ఆమోదం పొందింది. ప్రభుత్వానికి పైన, ప్రజలకు కింద ఉండే చట్టంగా రాజ్యాంగం అప్పుడు నిలబడింది. ఆ రాజ్యాంగం సవరణలతో ఇప్పటికీ అమల్లో ఉంది.

ఆ కాగితం ఏం చేయగలదో మరుసటి ఏడాదే తేలింది. మసాచుసెట్స్ పడమటి కొసన షెఫీల్డ్ అనే ఊళ్లో కర్నల్ జాన్ ఆష్లీ అనే పెద్ద భూస్వామి ఇల్లు ఉంది. 1773 జనవరిలో ఆ ఊరి పెద్దలు, ప్రకృతి సిద్ధంగా మనుషులంతా సమానులు, స్వతంత్రులు అని ఒక తీర్మానం తయారుచేసింది ఆ ఇంట్లోనే. ఆ సంఘానికి గుమస్తాగా కలం పట్టింది థియోడర్ సెడ్జ్‌విక్ అనే యువ లాయరు. అదే ఇంట్లో బెట్ అనే నల్లజాతి స్త్రీ బానిసగా పనిచేస్తోంది. 1781లో ఆమె ఆ సెడ్జ్‌విక్ దగ్గరికే వెళ్లి తన తరఫున కేసు వేయమంది. కొత్త రాజ్యాంగం మొదటి ఆర్టికల్ మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారని అంటోంది కదా, మరి నేనెలా బానిసను? బ్రామ్ అనే మరో బానిస కూడా ఆమెతో పాటు కేసులో ఉన్నాడు. ఆగస్టులో గ్రేట్ బారింగ్టన్ కోర్టులో జ్యూరీ వాళ్లిద్దరూ బానిసలు కారని తేల్చి, ముప్పై షిల్లింగుల పరిహారం ఇప్పించింది. ఆష్లీ మొదట అప్పీలు చేసి తర్వాత మానుకున్నాడు. ఆమె ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకుని, జీతానికి పనిచేస్తూ 1829 వరకు బతికింది. 1783లో క్వాక్ వాకర్ కేసులో రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి విలియం కుషింగ్ కూడా బానిసత్వం ఈ రాజ్యాంగంతో పొసగదని జ్యూరీకి చెప్పాడు. 1790 జనాభా లెక్కల్లో మసాచుసెట్స్‌లో బానిసల సంఖ్య సున్నా.

స్థాపకుల ఆలోచన అంటే ఆరుగురు పెద్దమనుషుల పుస్తకాలని చాలామంది అనుకుంటారు. ఎలిజబెత్ ఫ్రీమన్‌ను ఆ జాబితాలో చేర్చకపోతే సగం కథ పోతుంది. 1776లోనే లెమ్యుయెల్ హేన్స్ అనే నల్లజాతి యువకుడు, యుద్ధంలో పనిచేసినవాడు, స్వేచ్ఛ ఇంగ్లీషువాడికి ఎంత విలువైనదో ఆఫ్రికావాడికీ అంతే విలువైనదని ఒక వ్యాసం రాశాడు. వాదం ఎక్కడిదాకా వెళ్తుందో వాళ్లకు ముందే తెలుసు.

సరే, 1786కి వద్దాం. డేనియల్ షేస్ పేరుతో పిలిచే మసాచుసెట్స్ రైతుల తిరుగుబాటును మన పుస్తకాలు "అరాచకం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. నాకది సరిపోదు. మసాచుసెట్స్ యుద్ధపు అప్పు తీర్చడానికి పన్నులు బాగా పెంచి, నాణేల్లోనే కట్టమంది. పడమటి జిల్లాల రైతుల దగ్గర నాణేలు లేవు. వాళ్లలో చాలామంది యుద్ధం చేసి వచ్చినవాళ్లు, జీతం బదులు కాగితాలు పుచ్చుకుని అవి అయినకాడికి అమ్ముకున్నవాళ్లు. భూములు జప్తు, అప్పులకు జైలు. అర్జీలు పెట్టి పెట్టి విసిగి, కోర్టులు కూర్చోకుండా అడ్డుకున్నారు. ప్రభుత్వం చేతిలో డబ్బు లేక, బోస్టన్ వ్యాపారులు ఇచ్చిన చందాలతో సైన్యాన్ని లేపి 1787 జనవరి, ఫిబ్రవరి నెలల్లో అణచివేశారు. ఎలిజబెత్ ఫ్రీమన్ కోసం వాదించిన సెడ్జ్‌విక్ ఈ రైతులకు బద్ధ విరోధి. మనుషులు ఒక చోట చూపించిన న్యాయం ఇంకో చోట చూపించరు. కానీ ఆ వసంతంలో జరిగిన ఎన్నికల్లో అణచివేసిన గవర్నర్ బౌడిన్ చిత్తుగా ఓడిపోయాడు. జాన్ హాంకాక్ గెలిచాడు, కొత్త సభ రైతులకు కొంత ఊరట ఇచ్చింది. స్వపరిపాలన పనిచేసిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పారిస్‌లో ఉన్న జెఫర్సన్ అయితే ఆ ఎన్నికలకు ముందే కంగారు పడలేదు. అప్పుడప్పుడూ చిన్న తిరుగుబాటు మంచిదేనని మాడిసన్‌కు రాశాడు.

మాడిసన్‌కు మాత్రం నిద్ర పట్టలేదు. అతన్ని కలవరపెట్టింది షేస్ ఒక్కడే కాదు. వర్జీనియా సభలో 1784-85లో క్రైస్తవ బోధకుల జీతాల కోసం జనం మీద పన్ను వేసే బిల్లు వచ్చింది. వెనక ఉన్నది పాట్రిక్ హెన్రీ అంతటి జనాదరణ ఉన్న నాయకుడు. మాడిసన్ దానికి వ్యతిరేకంగా ఒక వినతిపత్రం రాశాడు. మతం మనిషి అంతరాత్మకు సంబంధించింది, మెజారిటీకి దాని మీద పెత్తనం లేదు అని. మూడు పెన్నీలు వసూలు చేయగల అధికారమే ఏ మతానికైనా తలవంచమని బలవంతం చేయగలదని కూడా అందులో ఉంది. డికిన్సన్ పార్లమెంటుకు వ్యతిరేకంగా వాడిన తర్కాన్ని ఇప్పుడు ఎన్నికైన సొంత సభకు వ్యతిరేకంగా వాడాడు. బాప్టిస్టులు, ఇతరులు వేల సంతకాలు పెట్టారు. బిల్లు పోయింది, దాని స్థానంలో 1786లో జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం వచ్చింది. మరోవైపు రోడ్ ఐలండ్ సభ విలువ పడిపోతున్న కాగితపు డబ్బును అప్పు ఇచ్చినవాళ్లు తీసుకుని తీరాలని, లేకపోతే జరిమానా అని చట్టం చేసింది.

1787 ఏప్రిల్‌లో మాడిసన్ ఇవన్నీ నోట్సులో రాసుకుని ఫిలడెల్ఫియాకు బయలుదేరాడు. ఫెడరలిస్ట్ 10వ వ్యాసం ఆ నోట్సు నుంచి పుట్టిందే. అందులో వాదం ఇది. వర్గాలు పోవు, ఎందుకంటే మనుషుల అభిప్రాయాలు, ముఖ్యంగా ఆస్తులు, ఒకేలా ఉండవు. మైనారిటీ వర్గాన్ని ఓటుతో ఆపవచ్చు. వర్గమే మెజారిటీ అయితే? దేశాన్ని పెద్దది చేయండి, అన్నాడు. ఎన్నో మతాలు, ఎన్నో వృత్తులు, ఎన్నో ప్రాంతాలు ఉన్నచోట అన్యాయం చేయడానికి అందరూ ఒక్కటై కూడబలుక్కోవడం కష్టం. గణతంత్రం చిన్న దేశంలోనే బతుకుతుందన్న మాంటెస్క్యూ మాటను తిరగేశాడు. 51వ వ్యాసంలో రెండో మెట్టు ఉంది. మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదు. ప్రభుత్వం మొదట ప్రజలను అదుపు చేయగలగాలి, తర్వాత తనను తాను అదుపు చేసుకునేలా దాన్ని కట్టడి చేయాలి. అందుకే రెండు సభలు, వీటో, వేర్వేరు కాలపరిమితులు, వేర్వేరు ఎన్నిక పద్ధతులు. మాట తప్పడమేనా అని మీరు అడిగిన సెనేట్, జడ్జీలు ఈ లెక్కలోంచే వచ్చారు.

ఇక్కడితో ఆపితే మాడిసన్ గెలిచాడని రాసి మార్కులు తెచ్చుకోవచ్చు. నేను ఆపను, ఎందుకంటే ఆ రాజ్యాంగాన్ని వ్యతిరేకించిన ఎదుటి పక్షం మాట్లాడింది వింటే ఎవరి వాదం బలమైనదో తేల్చడం అంత తేలిక కాదు.

న్యూయార్క్‌లో "బ్రూటస్" అనే మారుపేరుతో 1787 అక్టోబరు నుంచి వచ్చిన వ్యాసాలు చదవండి. మొదటి కాంగ్రెస్ దిగువ సభలో 65 మంది మాత్రమే. ప్రతినిధి అనేవాడు తాను ప్రాతినిధ్యం వహించే జనంలా ఉండాలి, వాళ్ల కష్టం తెలిసినవాడై ఉండాలి. అంత పెద్ద నియోజకవర్గాల్లో గెలవగలిగేది డబ్బు, పేరు ఉన్నవాళ్లే. చెప్పులు కుట్టేవాడు, రైతు ఎలా గెలుస్తారు? అంత దూరాన ఉన్న ప్రభుత్వాన్ని జనం నమ్మరు, నమ్మకం లేని ప్రభుత్వం సైన్యం మీద ఆధారపడుతుంది. పైన ఎవరూ సరిదిద్దలేని సుప్రీంకోర్టు రాజ్యాంగానికి తనకు తోచిన అర్థం చెబుతూ అధికారాన్ని కేంద్రం వైపు లాగుతుంది. రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని తేల్చడానికి కూర్చున్న న్యూయార్క్ సభలో మెలంక్టన్ స్మిత్ ఇదే విషయం, ఫెడరలిస్ట్ వ్యాసాలు రాసినవాళ్లలో ఒకడైన హామిల్టన్ ముఖం మీదే వాదించాడు. మసాచుసెట్స్‌లో మెర్సీ ఓటిస్ వారెన్ అనే రచయిత్రి కరపత్రం అచ్చేసింది. వీళ్లు స్వపరిపాలనను పాలకులను ఎంచుకోవడంగా మాత్రమే చూడలేదు. పాలనలో జనం చేయి ఉండటంగా చూశారు. ఎన్నికల ఖర్చు కోట్లలో ఉన్న చోట కూర్చుని ఈ వ్యాసాలు చదివితే, బ్రూటస్ దాదాపు అన్నీ సరిగ్గానే ఊహించాడని నాకు అనిపిస్తుంది.

రాజ్యాంగం ఆమోదం మీద జరిగిన ఓటింగుల్లో వాళ్లు ఓడిపోయింది కూడా కొద్దిలో. మసాచుసెట్స్‌లో 187-168, వర్జీనియాలో 89-79, న్యూయార్క్‌లో 30-27. ఓడినా బిల్ ఆఫ్ రైట్స్ (రాజ్యాంగంలో చేర్చిన హక్కుల పత్రం) సాధించింది వాళ్లే. హామిల్టన్ 84వ వ్యాసంలో అది అనవసరమన్నాడు. కాగితపు అడ్డుగోడలు మెజారిటీని ఆపవని మాడిసన్ కూడా మొదట్లో సందేహించాడు. జెఫర్సన్ పారిస్ నుంచి, భూమ్మీద ఏ ప్రభుత్వం నుంచైనా తమను కాపాడుకోవడానికి ప్రజలకు హక్కుల పత్రం ఉండాల్సిందేనని రాశాడు. వర్జీనియా బాప్టిస్టులు ఒత్తిడి చేశారు. 1789 జూన్ 8న మాడిసనే సవరణలు ప్రవేశపెట్టాడు. అందులో ఒకటి, ఏ రాష్ట్రమూ అంతరాత్మ స్వేచ్ఛను, పత్రికా స్వేచ్ఛను, క్రిమినల్ కేసుల్లో జ్యూరీ హక్కును హరించకూడదన్నది. అన్నిటికన్నా విలువైనది ఇదేనని అతనన్నాడు. సెనేట్ దాన్నే కొట్టేసింది. 1791లో ఆమోదం పొందిన పది సవరణలు కేంద్రాన్నే కట్టడి చేశాయి. రాష్ట్రాలను కట్టడి చేయడానికి అంతర్యుద్ధం, 1868 నాటి 14వ సవరణ రావాల్సి వచ్చింది.

బానిసత్వం విషయంలో మాత్రం నేను ఏ సర్దుబాటూ చెప్పను. 1787 రాజ్యాంగంలో "బానిస" అన్న మాట కనపడనివ్వలేదు. మనుషుల మీద ఆస్తిహక్కు ఉండవచ్చన్న భావనను రాజ్యాంగంలోకి రానివ్వడం తప్పని మాడిసన్ సమావేశంలో అన్నాడు. పదం రానివ్వలేదు గానీ సీట్ల లెక్కలో బానిసల్లో అయిదింట మూడొంతుల్ని కలిపారు. బానిసల దిగుమతిని 1808 వరకు కాంగ్రెస్ నిషేధించకుండా అడ్డుగోడ పెట్టారు. పారిపోయినవాళ్లను అప్పగించాలన్నారు. జెఫర్సన్ జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా మనుషులు అతని సొత్తుగా బతికారు, విడుదల చేసింది చాలా కొద్దిమందినే. వీళ్లకు తెలియక కాదు. ఇతరుల ఇష్టానికి లోబడి బతకడం ఎంత అవమానమో వీళ్ల కంటే బాగా రాసినవాళ్లు ఆ రోజుల్లో లేరు. పరీక్షలో "ఆ కాలం అలాంటిది" అని రాయకండి. ఆ కాలంలోనే హేన్స్ ఉన్నాడు, ఫ్రీమన్ ఉంది, 1780లో క్రమంగా బానిసత్వం తీసేసే చట్టం చేసిన పెన్సిల్వేనియా సభ ఉంది.

కాబట్టి మాట తప్పారా అన్నదానికి నా జవాబు: స్వపరిపాలన విషయంలో తప్పలేదు. 1776 సూత్రాన్ని తమ సొంత శాసనసభలకూ వర్తింపజేశారు. ఆ పనిలో జనానికీ పాలనకూ మధ్య దూరం అవసరమైనదానికంటే ఎక్కువ పెంచారు. సెనేట్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకోవడానికి 1913 దాకా ఆగాల్సి వచ్చింది. బానిసత్వం విషయంలో మాత్రం నిస్సందేహంగా తప్పారు.

మన రాజ్యాంగ సభతో ఒక సంబంధం ఉంది, జవాబులో వాడుకోవచ్చు. 1949 నవంబరు 25 ప్రసంగంలో అంబేడ్కర్, ప్రతి తరాన్నీ ఒక వేరే దేశంగా చూడాలని, ఒక తరం తర్వాతి తరాన్ని కట్టివేయలేదని జెఫర్సన్ అన్న మాటను ప్రస్తావించి, మన సభ సవరణకు తేలికైన దారి పెట్టిందని సమర్థించాడు. కాంకర్డ్ ఊరివాళ్లు దీనికి ఒప్పుకుంటారా అన్నది మంచి చర్చనీయాంశం.

చదవాల్సినవి. ముందు బ్రూటస్ మొదటి వ్యాసం, వెంటనే ఫెడరలిస్ట్ 10, రెండూ ఒకే రోజు. తర్వాత 48, 51. మసాచుసెట్స్ 1780 రాజ్యాంగం మొదటి భాగంలో ఉన్న 30 ఆర్టికల్స్ నెమ్మదిగా. మాడిసన్ 1785 వినతిపత్రం, జెఫర్సన్-మాడిసన్ మధ్య 1787 నుంచి 1790 దాకా నడిచిన ఉత్తరాలు. ఇవన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాట్సాప్‌లో తిరిగే కొటేషన్లు మాత్రం వాడకండి. "నిరంతర జాగరూకతే స్వేచ్ఛకు మూల్యం" అన్నది జెఫర్సన్ రాసినట్టు ఎక్కడా ఆధారం లేదు. రెండు తోడేళ్లు, ఒక గొర్రెపిల్ల ఓటింగ్ గురించిన మాట ఫ్రాంక్లిన్‌ది కాదు. ఈ రెండింటినీ ఏటా జవాబు పత్రాల్లో చూస్తూనే ఉన్నాను, మార్కులు పోతాయి.